వరోవా నల్లికి లొంగని తేనెటీగలు

వరోవా నల్లి ఆవగింజంత ఉంటుంది. ఎర్రటి గోధుమ రంగు, ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పు, చదునైన ఒళ్లు. అది బతికేది తేనెటీగ మీద. మనిషి కంటికి చిన్నదే అయినా తేనెటీగకు అది మోయలేని భారం. మోసే ప్రాణి ఒంటితో పోల్చి చూస్తే ఇంత పెద్ద బయటి పరాన్నజీవులు జంతులోకంలో అరుదు. ఈగ పొట్ట కింది పలకల సందుల్లో దూరి, చర్మానికి చిల్లు పెట్టి, లోపలి కొవ్వు కణజాలాన్ని కరిగించి తాగుతుంది. ఇది తాగేది ఈగ రక్తమేనని దశాబ్దాల పాటు పుస్తకాలన్నీ రాశాయి. కాదు, ముఖ్యంగా కొవ్వేనని 2019లో అమెరికాలో శామ్యూల్ రామ్సే బృందం చూపించింది. ఆ కొవ్వు ఈగకు ఆహార నిల్వ. విషాలు విరిగేదీ, రోగాలను ఎదుర్కొనే బలం పుట్టేదీ అక్కడే. నష్టం అంతటితో ఆగదు. నల్లి కాటు ద్వారా వైరస్‌లు ఒంట్లోకి ఎక్కుతాయి. వాటిలో రెక్కలు ముడుచుకుపోయే వైరస్ ముఖ్యమైనది. అది ముదిరిన పిల్ల ఈగ నలిగిన రెక్కలతో గదిలోంచి బయటికొచ్చి, ఎగరలేక, పెట్టె ముందు నేల మీద పాకుతూ చచ్చిపోతుంది. చలిదేశాల్లో ఏ చికిత్సా లేకుండా వదిలేస్తే రెండు మూడేళ్లలో పెట్టె ఖాళీ కావడం మామూలు.

అయినా అన్ని తేనెటీగలూ ఇలా నశించడం లేదు. ఈ నల్లితో తరతరాలుగా కలిసి బతుకుతున్న జాతి ఒకటుంది. నిన్నమొన్న పరిచయమైనా నిలదొక్కుకున్న కుటుంబాలు మరో జాతిలో అక్కడక్కడా ఉన్నాయి. ఈ నిలదొక్కుకునే గుణాన్నే నిరోధకత అంటారు. నిరోధకత అంటే పెట్టెలో నల్లి ఒక్కటీ లేకపోవడం కాదు. నల్లి ఉంటుంది. దాని సంతానం మాత్రం కుటుంబాన్ని కూల్చేంతగా పెరగదు.

ఆ జాతి ఆసియా తేనెటీగ, శాస్త్రనామం ఎపిస్ సెరానా. తెలుగునాట చెట్టు తొర్రల్లో, పాడుపడ్డ పుట్టల్లో చీకటి చోట వరసగా పట్లు పెట్టే దేశవాళీ ఈగ ఇదే. 1904లో డచ్చి శాస్త్రవేత్త ఔడెమాన్స్ ఈ నల్లికి మొదట పేరు పెట్టింది జావా ద్వీపంలో ఈ జాతి ఈగల మీద దొరికిన నమూనాలను చూసే. ఇటాలియన్ ఈగ అని రైతులు పిలిచేది రెండో జాతి, ఎపిస్ మెల్లిఫెరా. దాని సొంతచోటు ఐరోపా, ఆఫ్రికా, పశ్చిమాసియా, అందుకే అది పడమటి ఈగ. తేనె ఎక్కువ ఇస్తుందని మనుషులు దాన్ని ఆసియా తూర్పు కొసకు మోసుకెళ్లారు. అక్కడ రెండు జాతులూ పక్కపక్కన మేశాయి. ఇరవయ్యో శతాబ్దం నడిమికల్లా నల్లి కొత్త ఇంట్లోకి మారింది. పడమటి ఈగను పీడిస్తున్నది జావాలో చూసిన నల్లి కాదని, దాని దగ్గరి చుట్టమైన వేరే జాతి అని 2000లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఆండర్సన్, ట్రూమన్ తేల్చి, దానికి వరోవా డిస్ట్రక్టర్ అని పేరు పెట్టారు. అప్పటికే అది ప్రపంచంలో చాలా భాగం చుట్టేసింది. 1970 దశకంలో ఐరోపాకు, బ్రెజిల్‌కు, 1987లో అమెరికాకు, 1992లో ఇంగ్లండుకు, 2000లో న్యూజీలాండ్‌కు చేరింది. దాన్ని ఇంత దూరం మోసినవి ఓడల్లోనూ లారీల్లోనూ మనుషులు పంపిన రాణులు, పెట్టెలు.

నిరోధకత ఎక్కడ పని చేస్తుందో తెలియాలంటే నల్లి పిల్లల్ని ఎలా కంటుందో చూడాలి. పెద్ద ఈగ మీద ఉన్నంత కాలం నల్లి గుడ్లు పెట్టదు. లార్వా బాగా ఎదిగి, కూలి ఈగలు గదికి మైనపు మూత వేయబోయే కొద్ది గంటల ముందు తల్లి నల్లి ఆ గదిలోకి జారుకుని, లార్వా కిందున్న మేతలో దాక్కుంటుంది. మూత పడిన మూడు రోజులకు కొంచెం ముందుగా మొదటి గుడ్డు పెడుతుంది. అది ఫలదీకరణ జరగని గుడ్డు, అందులోంచి మగ నల్లి వస్తుంది. తర్వాత సుమారు ముప్పై గంటలకొకటి చొప్పున ఆడ గుడ్లు. ఆ మగది తన అక్కచెల్లెళ్లతోనే ఆ చీకటి గదిలో జతకడుతుంది. కూలి ఈగ గది పన్నెండు రోజులు మూసి ఉంటుంది, పోతుటీగ గది ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువ. మూత తెరుచుకునే వేళకు ఎదిగిన ఆడ నల్లులే బతికి బయటపడతాయి. మగది, ఎదగని పిల్లలు అక్కడే చస్తాయి. అందుకే కూలి గదిలో ఒక తల్లికి సగటున ఒకటిన్నరకు మించి కూతుళ్లు దక్కవు. పోతు గదిలో రెండుకు పైగా దక్కుతాయి. నల్లి పోతు గదులను ఎంచుకుని మరీ దూరడానికి కారణం ఈ లెక్కే.

ఈ లెక్కలో ఒక్కో తల్లికి దక్కే కూతుళ్లు ఒకటి కంటే తగ్గితే నల్లి సంతానం కుంగుతుంది. ఆసియా ఈగ చేసేది ఇదే, అయితే ఒకటి కాదు, చాలా దారుల్లో. అన్నిటికంటే పెద్ద దారి, కూలి గదుల్లో నల్లి సంతానం దాదాపు లేకుండా చేయడం. నల్లి కుట్టిన కూలి పిల్ల తట్టుకోలేక త్వరగా చచ్చిపోతుంది. చచ్చేదాన్ని వాసన పట్టి కూలి ఈగలు గది తెరిచి, లోపలున్నదంతా లాగి పారేస్తాయి. పిల్లతో పాటు నల్లి కాన్పూ మధ్యలోనే ఆగిపోతుంది. ఒక్క పిల్ల బలహీనత మొత్తం కుటుంబానికి రక్షణ అయ్యే ఈ తీరును 2016లో ఒక పరిశోధక బృందం వివరించింది. నల్లి లాలాజలంలోని ఒక ప్రోటీన్ ఆసియా ఈగ పిల్లలకు విషమై, పడమటి ఈగ పిల్లలను చంపలేకపోతుందని 2018లో చైనా పరిశోధకులు గమనించారు. పిల్ల గట్టిదైతే నల్లికి మేలు, మెత్తనిదైతే కుటుంబానికి మేలు. తేనెటీగల విషయంలో బతకాల్సిన ప్రాణి కుటుంబమే తప్ప ఒక్క ఈగ కాదని గుర్తుంచుకుంటే ఈ వింత తర్కం అర్థమవుతుంది.

ఇక నల్లికి మిగిలేది పోతు గదులు. వాటి కాలం ఏడాదిలో కొద్దిగానే ఉంటుంది. ఆసియా ఈగల్లో పోతు గది మూత కింద గట్టి పట్టు గూడు ఉంటుంది, దాని నడినెత్తిన సన్నని రంధ్రం. ఆరోగ్యంగా ఉన్న పోతుటీగ దాన్ని కొరికి బయటికొస్తుంది. ఒకే గదిలో నాలుగైదు నల్లులు పడి పీల్చిన పోతుటీగకు ఆ బలం ఉండదు. కూలి ఈగలు దాన్ని తెరవవు. లోపలిది అక్కడే చస్తుంది, నల్లులూ దానితోనే సమాధి అవుతాయి.

ఆసియా ఈగలు ఒకదాని ఒళ్లు ఒకటి దులుపుకుని నల్లిని దవడలతో పట్టి కొరుకుతాయన్న మాట ఎక్కువ ప్రచారంలో ఉంది. చైనాలో జరిపి 1987లో అచ్చు వేసిన పరిశీలనలు నల్లులను దాదాపు అన్నిటినీ ఈగలు ఇలా వదిలించుకుంటాయని చెప్పాయి. ఆ అంకెను కాస్త తగ్గించి చదువుకోవాలి. తర్వాతి పరీక్షల్లో దులుపుడు కనిపించింది కానీ అంత ఘనంగా కాదు. కంటికి కనిపించే పోరాటం కంటే చీకటి గదుల్లో జరిగే పారవేతే నల్లిని ఎక్కువ దెబ్బతీస్తుందన్నది ఇప్పటి సాక్ష్యం మొగ్గు.

పడమటి ఈగల్లోనూ ఈ పారవేత గుణం కొన్ని కుటుంబాల్లో ఉంది. నల్లి రాకముందే, పిల్లల్ని కుళ్లబెట్టే ఒక బ్యాక్టీరియా రోగం వల్ల అది వెలుగులోకి వచ్చింది. అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ రోథెన్‌బ్యూలర్ రోగాన్ని తట్టుకునే ఈగలనూ, తట్టుకోలేని ఈగలనూ సంకరం చేసి 1964లో ఫలితాలు ప్రకటించాడు. మొదటి తరంలో ఏ కుటుంబమూ చచ్చిన పిల్లల్ని తీసెయ్యలేదు. వాటిని తిరిగి తట్టుకునే వరసతో కలిపితే 29 కుటుంబాలు వచ్చాయి. వాటిలో 6 గది తెరిచి, పిల్లను లాగి పారేశాయి. 9 కుటుంబాలు మూత తెరిచి ఊరుకున్నాయి, లోపలి శవాన్ని ముట్టలేదు. మిగిలిన 14 ఏమీ చెయ్యలేదు. రోథెన్‌బ్యూలర్ వాటి గదుల మూతలు తనే తీసి చూశాడు. అప్పుడు వాటిలో 6 కుటుంబాలు శవాలను తీసేశాయి. అంటే తెరవడం ఒక గుణం, పారెయ్యడం వేరే గుణం. రెండూ కలిస్తేనే శుభ్రత. ప్రవర్తన కూడా వారసత్వంగా విడివిడి ముక్కలుగా దిగుతుందని చెప్పడానికి జీవశాస్త్ర పాఠాల్లో ఈ ప్రయోగాన్ని ఇప్పటికీ చూపిస్తారు. రెండే జన్యువులన్న ఆనాటి వివరణ మాత్రం నిలవలేదు. అనేక జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు ఇందులో ఉన్నాయని తర్వాత తేలింది.

మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మార్లా స్పివాక్ ఈ గుణాన్ని పెట్టెల్లో కొలిచే పద్ధతిని వాడుకలోకి తెచ్చింది. పట్టులో గుండ్రంగా ఒక ముక్క మీద ద్రవ నైట్రోజన్ పోసి పిల్లల్ని గడ్డకట్టించి చంపుతారు. 24 గంటల తర్వాత ఎన్ని గదులు శుభ్రమయ్యాయో లెక్కపెడతారు. నూటికి 95కు తగ్గకుండా రెండుసార్లు శుభ్రం చేసిన కుటుంబం రాణులనే తర్వాతి తరానికి వాడతారు. అయితే చలికి చచ్చిన పిల్ల వాసన వేరు, నల్లి కుట్టినా ఇంకా బతికే ఉన్న పిల్ల వాసన వేరు. మొదటి పరీక్షలో నెగ్గిన ఈగలన్నీ రెండోదాన్ని పసిగట్టలేవు.

ఆ రెండో వాసనను పసిగట్టే ఈగలు లూసియానా రాష్ట్రంలోని బాటన్‌రూజ్ ప్రభుత్వ ప్రయోగశాలలో తేలాయి. 1990 దశకంలో జాన్ హార్బో, జెఫ్రీ హ్యారిస్ కొన్ని కుటుంబాల్లో నల్లులు గొడ్డుగా ఉండటం చూసి, ఆ కుటుంబాల పిల్ల ఈగల్లోనే నల్లి కాన్పును అణిచే గుణం ఏదో ఉందనుకున్నారు. అసలు కథ వేరు. కూలి ఈగలు కాన్పయిన నల్లులున్న గదులనే వెతికి తెరిచి పారేస్తున్నాయి. గొడ్డు నల్లులున్న గదులు మిగిలిపోతున్నాయి. మిగిలినవి లెక్కపెట్టిన వాళ్లకు నల్లులన్నీ గొడ్డువిగా కనిపించాయి. కారణం తెలిశాక ఆ గుణానికి వరోవాను పసిగట్టే శుభ్రత అని కొత్త పేరు పెట్టారు. కాన్పయిన నల్లి ఉన్న గది వాసన మూత దాటి బయటికి వస్తుంది. ఆ గుణం ఉన్న ఈగల మీసకొమ్ములు దాన్ని పట్టగలవు.

ఇదే శుభ్రతకు మరో రూపం కూడా ఉంది. కూలి ఈగ మూతకు చిన్న చిల్లు పెట్టి, లోపల చూసి, పిల్లను పారెయ్యకుండా మళ్లీ మైనంతో మూసేస్తుంది. మూతను ఊడబీకి తిరగేసి చూస్తే లోపలి పట్టు పొరలో చిరుగు, దాని మీద ముదురు మైనపు అతుకు కనిపిస్తాయి. నార్వే, స్వీడన్, ఫ్రాన్స్‌లలో చికిత్స లేకుండా బతుకుతున్న కుటుంబాల్లో ఇది పక్క కుటుంబాల కంటే ఎక్కువని 2018లో అచ్చైన పరిశోధన చెప్పింది. బ్రిటన్‌లో, దక్షిణాఫ్రికాలో, బ్రెజిల్‌లో కూడా అలాగే కనిపించింది. ఇలా తెరిచి మూయడమే నల్లి కాన్పును చెడగొడుతుందా, లేక ఇది చురుకైన ముక్కుకు గుర్తు మాత్రమేనా అన్న విషయంలో శాస్త్రవేత్తల మధ్య ఒకే మాట లేదు.

మనుషులు ఏరి పెంచడం ఒక పద్ధతి. మందులు మానేసి ప్రకృతికి వదిలెయ్యడం ఇంకొకటి. దాని ఖరీదు ఎంతో స్వీడన్‌లోని గోట్‌లాండ్ ద్వీపంలో లెక్క తెలిసింది. 1999లో ఇంగెమార్ ఫ్రీస్, ఆయన సహచరులు ద్వీపం దక్షిణ కొసన 150 కుటుంబాలను పెట్టి, అన్నిటికీ నల్లిని అంటించి, ఏ చికిత్సా చెయ్యకుండా చూశారు. మొదటి మూడు చలికాలాల్లో నూటికి ఎనభైకి పైగా కుటుంబాలు పోయాయి. మిగిలినవి నిలదొక్కుకున్నాయి. వాటిలో కాన్పు సఫలమయ్యే నల్లులు సగమే. పక్కన పెట్టిన మామూలు కుటుంబాల్లో నాలుగింట మూడు వంతుల పైచిలుకు. అయితే ఈ ఈగల కుటుంబాలు చిన్నవి, పోతుటీగలను తక్కువ పెంచుతాయి. తేనె అమ్ముకుని బతికే పెంపకందారుకు నూటికి ఎనభై పెట్టెలు పోగొట్టుకోమని ఎవరూ సలహా ఇవ్వలేరు. ఆ ద్వీపం ఫలితాన్ని జరగగలదనడానికి రుజువుగా తీసుకోవాలి, సేద్య పద్ధతిగా కాదు.

న్యూయార్క్ రాష్ట్రంలో ఇతకా దగ్గరి ఆర్నాట్ అడవిలో ఎవరి ప్రమేయమూ లేకుండా ఇదే జరిగింది. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన టామ్ సీలీ 1978లో అక్కడి చెట్ల తొర్రల్లో తేనెటీగల కుటుంబాలను వెతికి లెక్కపెట్టాడు. నల్లి ఆ ప్రాంతానికి వచ్చాక అడవి ఈగలు అంతరించి ఉంటాయనే అందరూ అనుకున్నారు. 2002లో మళ్లీ వెతికితే మునుపటంత చిక్కగానే కుటుంబాలు ఉన్నాయి. 1977లో దాచిన ఈగలనూ, 2010లో పట్టిన ఈగలనూ జన్యుపరంగా పోల్చిన అధ్యయనం 2015లో వచ్చింది. పాత తల్లి వరసలు చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి. అంటే నల్లి వచ్చాక ముందు పెద్ద చావు జరిగింది, తర్వాత మిగిలిన వాటి సంతానమే అడవిని నింపింది. అడవి ఈగల కాపురం తీరు కూడా వాటికి కలిసొచ్చింది. చిన్న తొర్ర త్వరగా నిండుతుంది, గుంపు తరచూ విడిపోతుంది. విడిపోయినప్పుడు కొన్ని నల్లులు ఎగిరిపోయే గుంపుతో వెళ్లిపోతాయి, కొత్త రాణి గుడ్లు మొదలుపెట్టేదాకా పాత గూట్లో నల్లికి గది దొరకదు. పైగా కుటుంబాలు ఒకదానికొకటి చాలా దూరంగా ఉంటాయి. కాబట్టి చచ్చే పట్టులోని తేనెను దోచుకెళ్లే పక్కింటి ఈగల మీద నల్లి ప్రయాణం కట్టడం తగ్గుతుంది. వరసగా వందల పెట్టెలు పేర్చే వాణిజ్య పెంపకంలో ఇది పూర్తిగా తలకిందులు.

దక్షిణాఫ్రికాలో 1997లో నల్లి కనబడ్డాక పెంపకందారుల్లో చాలామంది మందుల జోలికి వెళ్లలేదు. పదేళ్లు తిరిగేలోపే అక్కడి ఈగలు సర్దుకున్నాయి. బ్రెజిల్‌లో ఆఫ్రికా రక్తం కలిసిన ఈగలకు ఎప్పుడూ చికిత్స అక్కర్లేకపోయింది. క్యూబాకు నల్లి 1996లో వచ్చింది. కొన్నేళ్లకు అక్కడ మందులు మానేశారు, ఇప్పుడు దేశమంతటా ఈగలు వాటంతట అవే నిలబడి ఉన్నాయి. రష్యా తూర్పు కొసన ప్రిమోర్యే ప్రాంతంలో వలసరైతులు పందొమ్మిదో శతాబ్దంలో తీసుకెళ్లిన పడమటి ఈగలు అన్నిటికంటే ఎక్కువ కాలం నల్లి మధ్య బతికాయి. 1997లో థామస్ రిండరర్ బృందం అక్కడి నుంచి 100 రాణులను తెచ్చి, లూసియానా తీరంలోని ఒక దీవిలో విడిగా ఉంచి పరీక్షించాకే అమెరికాలో విడుదల చేసింది.

ఇంత తెలిశాక కూడా లొంగని ఈగలు ప్రతి పెట్టెలోకీ ఎందుకు రాలేదు? మొదటి కారణం రాణి పెళ్లి. కన్నె రాణి ఆకాశంలో ఎగురుతూ పది నుంచి ఇరవై పోతుటీగలతో జతకడుతుంది. అవి ఎవరి పెట్టెలవో ఎవరికీ తెలియదు. ఎంత ఏరి పెంచిన రాణి సంతానమైనా పక్క ఊరి పోతులతో కలిసిన రెండు తరాలకే గుణం పలుచబడుతుంది. అందుకే ఈ పని చేసేవాళ్లు దీవులనో, సూక్ష్మదర్శిని కింద చేసే కృత్రిమ గర్భధారణనో ఆశ్రయిస్తారు. రెండో కారణం మందులు. చికిత్స వల్ల లొంగే ఈగా లొంగని ఈగా ఒకేలా బతుకుతాయి, తేడా బయటపడదు. మరోపక్క నల్లి మందులకు అలవాటు పడుతుంది. ఫ్లూవాలినేట్ అనే మందుకు అది 1990 దశకంలోనే లొంగడం మానేసింది, ఆ తర్వాత కౌమఫాస్‌కు. అమిట్రాజ్ కూడా ఇప్పుడు చాలాచోట్ల బలం కోల్పోతోంది. ఫార్మిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు, వామునూనెలోనూ ఉండే థైమాల్ ఇంకా పనిచేస్తున్నాయి గానీ మోతాదు, వేడి కుదరకపోతే రాణికే ముప్పు.

భారతదేశంలో పరిస్థితి రెండు రకాలు. ఇటాలియన్ ఈగలు 1960 దశకంలో పంజాబ్ వైపు స్థిరపడి దేశమంతా పాకాయి. వాటిని వరోవా పీడిస్తుంది. దానితో పాటు ట్రోపిలేలాప్స్ అనే ఇంకో నల్లి కూడా. కొండ చరియలకూ నీళ్ల ట్యాంకులకూ పెద్ద పట్లు వేలాడదీసే కొండ తేనెటీగ దాని అసలు ఇల్లు. పిల్ల గదులు లేకుండా ఆ నల్లి కొద్ది రోజులు మించి బతకలేదు. కొండ ఈగ ఏటా పట్టు వదిలేసి వలసపోతుంది కాబట్టి దాని దగ్గర ఆ నల్లి ఆటలు సాగవు. ఏడాది పొడుగునా పిల్లలుండే ఇటాలియన్ పెట్టెలో సాగుతాయి. దేశవాళీ సెరానా ఈగ వరోవాకు మందు అడగదు. అలాగని అది అన్నిటికీ గట్టిదేమీ కాదు. 1991, 92 ప్రాంతంలో దక్షిణాదిలో వ్యాపించిన థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ రోగం కేరళ, కర్ణాటక, తమిళనాడుల్లో ఈ ఈగల పెట్టెలను చాలావరకు ఖాళీ చేసింది. నల్లిని జయించిన గుణాలు ఆ వైరస్ ముందు సరిపోలేదు.

ఇటాలియన్ పెట్టెలు పెట్టుకున్న రైతు చేయగలిగిన పని ఒకటుంది. పిల్లలున్న చట్రం నుంచి సుమారు 300 ఈగలను, రాణి లేదని చూసుకుని, జల్లెడ మూత ఉన్న సీసాలోకి దులిపి, పొడి చక్కెర వేసి ఒక నిమిషం దొర్లించి, తెల్ల కాగితం మీద కుదిపితే నల్లులు రాలతాయి. తొమ్మిదికి మించితే నూటికి మూడు దాటినట్టే, చికిత్స అవసరం. ఆ పెట్టె రాణి నుంచి కొత్త రాణులను పెంచకూడదు. పక్కపక్కనే ఉన్నా ఏడాది పొడవునా లెక్క తక్కువగా ఉండే పెట్టెలు ఏవో రాసి పెట్టుకుని, కొత్త రాణులను వాటి నుంచే పెంచుకోవాలి.